ఎఫ్ఎం హ్యారీ, బండల ధనుంజయ

కడపలో ఎండకు తారు కరుగుతున్న సాయంత్రం, హరిత మైకు ముందు గొంతు మెత్తగా చేసుకొని, "హాయ్ కడపా, వాట్ ఎ రొమాంటిక్ రెయిన్ యార్" అంది. స్క్రిప్టు హైదరాబాదు నుంచి వచ్చింది. అక్కడ వాన పడుతోంది కాబోలు.

వెంటనే ఫోను మోగింది.

"అమ్మా, వాన యాడ పడ్తాండాది? చెప్తే పోయి తడిసొస్తాం."

"హూ ఈజ్ దిస్?"

"ధనుంజయ. బండలకు పాలిష్ పట్టే షెడ్డుండాది నాకు. రాక్ అంటే బండే కదా, మనిద్దరిదీ ఒకటే వ్యాపారం."

2007లో ఆ ఊరికి ఎఫ్ఎం ఇంకా కొత్త. మైదుకూరు పసుపు వ్యాపారి కూతురు హరిత రేడియోలో మాత్రం 'హ్యారీ'. రాక్ పాటల గంట ఆమెది. పుట్టిపెరిగిన యాసను చెప్పులతో పాటు స్టూడియో బయటే విడిచి రావాలని మేనేజరు రాఘవేంద్రప్రసాద్ షరతు. ఆయనదీ సీమే, పత్తికొండ. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పడు.

ధనుంజయ రోజూ ఫోన్ చేసేవాడు. "ఈ పాట శానా బాగుండాది. మా మిషన్ చెడిపోతే అచ్చం ఇట్లే అరుస్తాది" అనేవాడు. ఆమె ఊరుకునేది కాదు. ఊరు రాక్ వినలేదు గానీ ఈ తగాదా విన్నది. హరిత అతని ఫోను కోసం ఎదురుచూడసాగింది. అదంతా ఉద్యోగధర్మమని తనకు తానే చెప్పుకుంది.

ఒకరోజు మేనేజరు పక్కనే నిలబడి ఉంటే, ఆయన మెప్పు కోసం హద్దు దాటింది. "ఆ భాషతో మీకు మ్యూజిక్ ఎందుకు మిస్టర్? వెళ్లి బండలే తోముకోండి."

"సరేమ్మా" అని ధనుంజయ ఫోను పెట్టేశాడు. మళ్లీ చేయలేదు.

ఆదివారం ఇంటికి పోతే, తల్లి చెన్నమ్మ అన్నం వడ్డిస్తూ అడిగింది. "రేడియోలో ఆ పిల్లోడు మాట్లాడేది మీ నాయన మాదిరే కదమ్మీ. నువ్వు నగింది ఎవురిని?"

మరునాడే హరిత ధనుంజయ షెడ్డు వెతుక్కుంటూ పోయింది. ఆ గొంతుకు తాను ఊహించుకున్న బొజ్జా మీసాలూ ఏవీ లేవు. తలగుడ్డ నిండా బండల దుమ్ముతో, నవ్వు దాచుకోలేని కళ్లతో ఒక కుర్రవాడు నిలబడి ఉన్నాడు.

"తప్పు నాదే" అంది. మిషన్ హోరులో అతనికి వినబడలేదు. గొంతు పెంచింది. అతను చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. ఇంకా పెంచి, ఎలాగూ వినబడదన్న ధైర్యంతో ఇంకో మాటా కలిపింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

"నువ్వంటే నాకిష్టమప్పా" అన్న అరుపు షెడ్డంతా వినబడింది. పనివాళ్లు బండల వైపు శ్రద్ధగా చూడసాగారు.

"చెప్తాండేది హ్యారీనా, హరితనా?" అన్నాడు ధనుంజయ.

"హరిత."

"అట్లయితే మైకులో చెప్పు. నన్ను తిట్టిందీ ఆడే కదా."

ఆ సాయంత్రం ఆమె స్క్రిప్టు పక్కన పెట్టింది. "నేను మైదుకూరు హరితను. ధనుంజయను ఎగతాళి చేసింది తప్పే. ఆ మనిషంటే నాకు శానా ఇష్టం."

అద్దం అవతల మేనేజరు చేతులు ఊపుతున్నాడు. ఆమె అటు వీపు తిప్పి, మోగుతున్న ఫోను తీసింది.

"నేను చెన్నమ్మను. ఆ పిల్లోన్ని ఆదివారం అన్నానికి పిల్చుకొని రా. మీ నాయన చూడల్లంట."

"అమ్మా, ఊరంతా ఇంటాండాది."

"ఇననీ. ఆ అరుపుల పాటలు మాత్రం ఇంటికి తేవద్దు."

పెట్టగానే మళ్లీ మోగింది. ఈసారి ధనుంజయ. ఎప్పుడూ తడబడని గొంతు తడబడుతోంది.

"ఏదో ఒక పాట ఎయ్యమ్మా తొందరగా. ఈడ అందరూ నన్నే చూస్తాండారు."