ఆ ఫోన్ నేను కొనలేదు

పొద్దున్నే గురవయ్య సారు చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. వంటింట్లో నుంచి భార్య సారమ్మ గొంతు వినిపించింది.

"కొత్త ఫోన్ కొనిచ్చినంక బిడ్డ రోజూ మాట్లాడుతంది. మంచి పని చేసినవయ్యా."

గురవయ్య మడతలు లేని కాలరును మళ్లీ మళ్లీ రుద్దాడు.

ఇరవై రెండేళ్లుగా ఆయన పెన్‌పహాడ్ బడిలో లెక్కలు చెబుతున్నాడు. రోజూ సూర్యాపేట నుంచి బస్సులో వెళ్లొస్తాడు. ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చుంటాడు. వీధిలో ఎవరింట్లో గొడవైనా ఆయన్ను పిలుస్తారు. ఒక్కతే కూతురు అరుణ మిర్యాలగూడలో హాస్టల్‌లో ఉండి నర్సింగ్ చదువుతోంది.

ఆ ఫోన్ కొత్తది కాదు. రెండు నెలల కింద ఒక పెళ్లికని కోదాడ వెళ్లినప్పుడు, బస్టాండు పక్కన చిన్న దుకాణంలో కొన్నాడు.

"కంపెనీకి వాపసు పోయి, బాగుచేసి, మళ్లీ సీలేసి పంపిన పీసండీ మాస్టారూ. కొత్తదానికీ దీనికీ మీరు తేడా కనిపెట్టలేరు. సగం ధరకే ఇస్తున్నా" అన్నాడు దుకాణం అతను.

బిల్లు అడిగితే నవ్వాడు. "బిల్లు రాస్తే ట్యాక్స్ పడుద్దండీ. ఏదన్నా అయితే నేనిక్కడే ఉంటాగా!"

గురవయ్యకు అప్పుడే మనసు కీడు శంకించింది. కానీ తోటి టీచర్ల పిల్లల చేతుల్లో టచ్ ఫోన్లున్నాయి. తన బిడ్డకు పాతది కొన్నాడన్న మాట రాకూడదు. ఇంటికొచ్చి, సూర్యాపేట షోరూంలో కొత్తది కొన్నానని చెప్పాడు.

వారం తిరక్కముందే అరుణ అడిగింది. "నాన్నా, డబ్బా మీద ఒక నంబరున్నది, ఫోన్‌ల నొక్కి చూస్తే ఇంకో నంబరొస్తంది. రెండు ఒకటే ఉండాలంట. బిల్లు ఉన్నదా?"

"కన్నతండ్రినే బిల్లు అడుగుతున్నవా?" అని గట్టిగా అరిచాడు. ఆ పిల్ల మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ రోజు రెండో పీరియడ్ అయ్యాక హెడ్మాస్టరు గదిలో పరీక్షల సంగతి మాట్లాడుతున్నారు. ఇంకో ఇద్దరు టీచర్లు కూడా ఉన్నారు. గురవయ్య ఫోన్ మోగింది.

"అరుణ వాళ్ల నాన్నగారేనా? హాస్టల్ వార్డెన్‌ను మాట్లాడుతున్నా. ఇక్కడికి పోలీసులొచ్చారండీ. మీ అమ్మాయి చేతిలో ఉన్నది ఎవరిదో పోయిన ఫోనట. మా నాన్న కొనిచ్చాడని ఆమె చెబుతోంది. నిజమేనా?"

గదిలో మాటలు ఆగిపోయాయి. ముగ్గురూ గురవయ్య వైపే చూస్తున్నారు. దొంగ సొమ్ము కొన్న మాస్టారు. సస్పెన్షన్. పేపర్లో పేరు. నోరు దానంతటదే కదిలినట్టు కదిలింది.

"లేదండీ. ఆ ఫోన్ నేను కొనలేదు. నాకేం తెల్వదు."

అవతల ఫోన్ పెట్టేశారు.

"ఏమైంది సారూ?" అన్నాడు హెడ్మాస్టరు.

"రాంగ్ నంబర్ సార్."

తర్వాతి పీరియడ్‌కు వెళ్లాడు. బోర్డు మీద లెక్క సగం రాసి, మిగతా సగం ఏమిటో గుర్తురాక నిలబడిపోయాడు. తల నొప్పిగా ఉందని చెప్పి మధ్యాహ్నం బస్సెక్కాడు.

ఇంటి ముందు సారమ్మ చేతిసంచి పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ముఖం చూడగానే విషయం తెలిసిపోయిందని అర్థమైంది.

"వార్డెన్ ఫోన్ నుంచి బిడ్డ మాట్లాడింది" అంది. "అందరి ముందట పోలీసాయన ప్రశ్నలేసిండంట. మా నాన్నను అడుగుండ్రి అని ధైర్యంగ చెప్పిందంట. నువ్వేమన్నవో వార్డెన్ అందరి ముందే చెప్పిందంట."

"సారమ్మా..."

"బిడ్డ ఏడ్వలేదయ్యా. గదే నాకు భయమైతంది."

గురవయ్య గడప మీదే కూలబడ్డాడు. కోదాడ దుకాణం సంగతీ, షోరూం అబద్ధమూ అన్నీ చెప్పాడు. "నౌకరి పోతదని భయమైంది. పరువు పోతదని..."

"నీ పరువు కోసం బిడ్డను దొంగను చేసినవా?" అంది సారమ్మ. "పాత ఫోనని చెప్తే మేము వద్దంటుంటిమా? మాకన్న నిజం చెప్పకపోతివి. లెవ్వు. బస్సుకు పోదాం."

దారంతా ఆమె కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. పక్కన ఆయన ఉన్న సంగతే పట్టనట్టు ఉంది.

ముందు మిర్యాలగూడ పోలీస్ స్టేషన్‌కు వెళ్లారు. ఫోన్ పోయిన కేసు మీద తిరుమలగిరి దిక్కు నుంచి వచ్చిన కానిస్టేబుల్ పాపయ్య ఉన్నాడు. పక్కన బెంచీ మీద ఒక లంబాడా తండా ఆడమనిషి కూర్చుని ఉంది. పేరు కమ్లి. ఫోన్ ఆమెదే. పత్తి అమ్మి వస్తుంటే బస్సులో ఎవడో కొట్టేశాడు.

గురవయ్య జరిగిందంతా కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. దుకాణం గుర్తులు చెబితే పాపయ్య తల అడ్డంగా ఊపాడు.

"గా దుకాణపోడు పదిహేను దినాల కిందనే ఖాళీ చేసి పోయిండు సారూ. స్టార్, హ్యాష్, సున్న, ఆరు, హ్యాష్ కొడితే ఫోన్‌ల ఉన్న గుర్తింపు నంబరొస్తది. డబ్బా మీద నంబరుతోటి కలవకపోతే ముట్టొద్దు. లెక్కల సారువు, రెండు నంబర్లు కలిపి సూడకపోతివి?"

కమ్లి లేచి దగ్గరికొచ్చింది. "మా బిడ్డ కూలికి పోయి కొనిచ్చింది సారూ. నువ్వు గట్టిగ బిల్లు అడిగి, లేదంటే వద్దని లేసొస్తే వాడెవనికి అమ్ముకుంటుండె?"

ఆమె తిట్టలేదు. మామూలుగానే అడిగింది. గురవయ్య చేతులు జోడించి తలొంచుకున్నాడు.

హాస్టల్ చేరేసరికి దీపాలు పెట్టే వేళ అయింది. వార్డెన్ గదిలోకి అరుణ వచ్చి గోడవారగా నిలబడింది. తల్లి దగ్గరికి తీసుకోబోతే కదలలేదు.

"తప్పంతా నాదే మేడం. కొన్నది నేనే. బిడ్డకు ఏమీ తెల్వదు" అన్నాడు గురవయ్య. తర్వాత కూతురి వైపు తిరిగాడు. "నన్ను మన్నించు బిడ్డా."

"ఫోన్ తెల్వదంటే నాకు బాధ లేదు నాన్నా" అంది అరుణ నెమ్మదిగా. "నేనే ఎవరో నీకు తెల్వదన్నట్టు అనిపించింది. ఇప్పుడు గదిల చెప్పినవ్. నన్ను దొంగను చూసినట్టు చూసినోళ్లు బయట ఉన్నరు."

గురవయ్య వార్డెన్ వైపు తిరిగాడు. "వాళ్లందరు ఎక్కడున్నరు మేడం?"

భోజనాల హాల్లో అరవై మంది అమ్మాయిలు తింటున్నారు. వార్డెన్ చప్పట్లు కొట్టగానే తలలెత్తారు. ఇరవై రెండేళ్లు పిల్లల ముందు నిలబడి మాట్లాడిన మనిషి, మొదలుపెట్టే ముందు రెండుసార్లు దగ్గాడు.

"నేను అరుణ నాయినను. పంతులును. ఆ ఫోన్ నేనే కొన్న. బిల్లు లేదని తెలిసీ, సగం ధరకు వస్తదని కొన్న. కొత్తదని నా బిడ్డకు అబద్ధం చెప్పిన. నంబరు కలుస్తలేదని తను ముందే చెప్తే కోప్పడిన. పొద్దున పోలీసుల భయానికి నాకు తెల్వదన్న. దొంగ సొమ్ము తెచ్చింది నేను. అబద్ధమాడింది నేను. నా బిడ్డ నిజం చెప్పింది. రేపు మా బడిల గూడ గిదే చెప్త."

ఏదో బల్ల దగ్గర ఒకమ్మాయి ముక్కు తుడుచుకుంది. గురవయ్య ఎవరినీ చూడలేక గుమ్మం వైపు తిరిగాడు. కళ్లు మసకబారి గడప కనిపించలేదు. ఎవరో మోచేయి పట్టుకున్నారు.

అరుణే. అప్పటిదాకా ఆపుకున్న కన్నీళ్లు బుగ్గల మీదికి జారుతున్నాయి.

"నాన్నా, పొద్దటి నుంచి ఏమన్న తిన్నవా?" అంది.

ఆ మాటకు గురవయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అరుణ తండ్రిని బల్ల దగ్గర కూర్చోబెట్టి, తల్లి చేయి పట్టుకుని ఆ పక్కనే కూర్చోబెట్టింది. ఇద్దరికీ తనే అన్నం వడ్డించింది.