డ్రైవరుగారి ఈల

బాల్కనీలో వాషింగ్ మిషన్ తన పని ముగించి కీచుకీచుమని మొత్తుకుంటోంది. ఆ సంగతి ఇంట్లో ఉన్న ముగ్గురిలో తండ్రీ కూతుళ్ళిద్దరికే తెలిసింది. తెలియని మూడో మనిషి వంటింట్లో గిన్నెలు తుడుస్తూ తీరిగ్గా కూనిరాగం తీస్తోంది.

"మిషన్ పిలుస్తోంది టీచరమ్మా," అన్నాడు భర్త, పేపర్లోంచి తలెత్తకుండానే.

"వినబడిందిలెండి. చేతులు ఖాళీ లేక ఆగాను," అంది ఆమె ఠక్కున.

ఆ మాట పచ్చి అబద్ధం. ఆమె పిల్లలకి పాటలు నేర్పిన టీచరు. క్లాసంతా ఒక్కసారిగా గొంతెత్తి పాడుతుంటే, మూడో వరుసలో ఎవరి శ్రుతి తప్పిందో వేలెత్తి చూపించిన చెవులు ఆవిడవి. రిటైరయ్యాక ఆ చెవులకి సన్నటి చప్పుళ్ళు అందడం మానేశాయి. మాటలు వినబడతాయి, లారీ హారన్లు వినబడతాయి. కీచుమనేవీ గలగలమనేవీ మాత్రం ఎవరో కత్తిరించి పట్టుకుపోయినట్టు పోయాయి. ఈ సంగతి లోకంలో తనకి తప్ప ఇంకెవరికీ తెలియదని ఆవిడ నమ్మకం. తెలిస్తే తల ఎక్కడ పెట్టుకోవాలి? పాటల టీచరుకి చెవుడు!

బట్టలు తీయడానికి వెళ్తుంటే వాకిట్లో గంట 'ఢాం' మని మోగింది. పాలవాడు. ఆ చప్పుడుకి ఆమె ఎప్పట్లాగే ముఖం చిట్లించుకుంది.

"ఇల్లా ఇది, ఫైరు స్టేషనా? వెనకటి గంట ఎంత ముద్దుగా ఉండేది! దాన్ని తీసేసి ఈ దిక్కుమాలిన గంట తెచ్చి తగిలించారు."

"పాతది పాడైందన్నానుగా," అన్నాడాయన. అని ఈల వేసుకుంటూ తలుపు తీయడానికి లేచాడు.

"ఆ ఈల ఆపండి బాబూ! శ్రుతీ లేదు, పాడూ లేదు."

ఆయన ఈల ఆపాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ సిటీ బస్సు నడిపిన మనిషి. ఆవిడ పక్కన బతకడం మొదలుపెట్టాక ఈలని మధ్యలో ఆపేయడం బాగా అలవాటైంది.

వాళ్ళ ఊళ్ళో పిట్టల పిచ్చి ఉన్నవాళ్ళు ఓ పదిమంది కలిసి ఆ ఏడాది మొదట్లో సరదాగా ఒక పందెం వేసుకున్నారు. ఊరి పొలిమేర దాటకుండా ఏడాది పొడుగునా ఎవరెన్ని రకాల పిట్టల్ని పోల్చుకుంటారో చూడాలి. కంటితో చూసినా సరే, చెవితో విన్నా సరే. సాక్ష్యాలూ సంతకాలూ లేవు, మనిషి మాటే నమ్మకం. గెలిచినవాళ్ళకి మిగతావాళ్ళు టీ ఇప్పిస్తారు, అంతే బహుమానం. అంత చిన్న టీ కోసం పెద్దవాళ్ళు చేసే హడావుడి చూస్తే నవ్వొస్తుంది. డిసెంబరు వచ్చేసరికి టీచరమ్మా, మందుల షాపాయనా సమానంగా నిలిచారు. ఆకు చాటున ఉన్న పిట్టని కూతతోనే పట్టేస్తుందని అందరూ ఆవిడకి 'చెవులమ్మ' అని ఇంకో పేరు కూడా పెట్టారు.

ఆ పేరే ఆవిడ గొంతులో ముల్లైంది. ఎందుకంటే ఆవిడ వినడం లేదు. స్కూటర్ మీద ఆవిడని దింపి, ఫ్లాస్కు భుజానికి తగిలించుకుని వెనకాల నడిచే భర్త ఉన్నట్టుండి అడుగుతాడు.

"టీచరమ్మా, ఏం పిట్ట అది? గాజు గ్లాసు మీద చెంచాతో టింగుటింగుమని కొట్టినట్టుందే?"

ఆ పోలిక చాలు ఆవిడకి. ఏళ్ళ తరబడి విన్న కూతలన్నీ తలలో పదిలంగా ఉన్నాయి. "తేనెపిట్ట," అనేస్తుంది ఠీవిగా. అందరూ 'అబ్బో' అంటారు. ఇందులో తప్పేముంది, ఆయన అడిగాడు, నేను చెప్పాను అని ఆవిడ తనకి తాను సర్దిచెప్పుకునేది. పైపెచ్చు ఆయన మీదే విసుక్కునేది. తేనెపిట్ట అని ఎన్నిసార్లు చెప్పినా మరుసటి ఆదివారం మళ్ళీ అదే ప్రశ్న వేస్తాడు.

"మీ బుర్రలో ఏముందండీ, డీజిలా?" అనేది పదిమందిలో. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు.

అయితే కిందటి వారం మందుల షాపాయన సరదాగా ఒక మాటన్నాడు. "డ్రైవరుగారు అడిగాకే మీకు వినబడుతుందేంటి చెవులమ్మా?" ఆయన మనసులో ఏమీ లేదు, ఏదో నోటికొచ్చింది అన్నాడు. ఆవిడకి మాత్రం ఆ వారమంతా నిద్ర పట్టలేదు.

ఆ ఆదివారం చెరువు గట్టున మంచు ఇంకా విడలేదు. అందరికీ కావలసింది రెల్లుపిట్ట. గోధుమరంగులో బెత్తెడు కూడా ఉండదు, రెల్లు దుబ్బుల్లోంచి బయటికి రాదు. టీచరమ్మకీ షాపాయనకీ మిగిలింది అదొక్కటే. నడుస్తున్నవాళ్ళంతా ఒక్కసారి ఆగిపోయారు.

"టీచరమ్మా," అన్నాడు భర్త మెల్లగా, "ఏమిటది? రెల్లులో ఎవరో తాళాలగుత్తి గబగబా ఆడిస్తున్నట్టుంది?"

అందరూ ఆవిడ వైపే చూస్తున్నారు. షాపాయన కూడా చూస్తున్నాడు. కిందటి వారం మాట ఆవిడ చెవిలో మళ్ళీ మోగింది. ఈయన అడగ్గానే చెబితే దొరికిపోతాను. ఇంతమందీ మౌనంగా ఉన్నారంటే అక్కడ ఏమీ ఉండి ఉండదు, ఈయనే ఏదో భ్రమపడ్డాడు. ఇలా అనుకుని ఆవిడ నవ్వింది.

"అక్కడేమీ లేదు. ఈయన మాటలు పట్టించుకోకండి. జన్మంతా ఇంజను పక్కన కూర్చున్న చెవులు. పిట్ట కూతేదో బ్రేకు కీచేదో వాటికెలా తెలుస్తుంది?"

ఒక్కరూ నవ్వలేదు.

బట్టలు కుట్టే టైలరమ్మ చెయ్యి చాపి ఒక దుబ్బు వైపు చూపించింది. టీచరమ్మ బైనాక్యులర్ ఎత్తింది. వంగిన రెల్లుకాడ మీద పిట్ట స్పష్టంగా కనబడింది. ముక్కు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. గొంతు కింద ఈకలు వణుకుతున్నాయి. ఆ పాట ధాటికి దాని ఒళ్ళంతా, అది కూర్చున్న కాడంతా ఊగిపోతోంది. ఆవిడకి ఒక్క ముక్క వినబడలేదు.

అప్పుడు అర్థమైంది. ఇందాకటి నుంచి అందరూ వింటూనే ఉన్నారు. పేరు చెప్పే మర్యాద పెద్దావిడకి వదిలి, ఆవిడ నోరు విప్పడం కోసం ఆగారు.

"నిజమే, నాకూ అంత సరిగ్గా వినబడలేదు," అన్నాడు షాపాయన చెప్పుల వైపు చూస్తూ. తిట్టినా అంత గుచ్చుకునేది కాదు.

"మీలో ఎవరైనా పట్టుకుంటారేమోనని చూశాను," అంది ఆవిడ. ఆ అబద్ధం ఎవరి దగ్గరికీ చేరకుండా మధ్యలోనే చచ్చిపోయింది. భర్త ఫ్లాస్కు మూత తిప్పి, ముందుగా ఆవిడకే టీ పోసి ఇచ్చాడు. ఆయన మొహంలోకి చూసే ధైర్యం ఆవిడకి లేకపోయింది.

ఇంటికొచ్చాక ఆయన కోపం చూపించలేదు, అన్నం మానలేదు. ఏదీ చెప్పడం మాత్రం మానేశాడు. మిషన్ ఆగిందని చెప్పలేదు, ఓవెన్ పిలుస్తోందని చెప్పలేదు. ఇల్లంతా ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆవిడకి మొదటిసారి తెలిసింది.

సాయంత్రం కూతురు పని నుంచి వచ్చింది. కళ్ళద్దాల షాపులో జనానికి చూపు పరీక్షలు చేసే పిల్ల. నేరుగా బాల్కనీలోకి వెళ్ళి మిషన్ ఆపి వచ్చింది.

"ఎంతసేపట్నుంచి అరుస్తోందో పాపం. అమ్మా, వినబడలేదా?"

"వినబడిందిలే. లేద్దామనుకుంటున్నా."

"వినబడలేదు." కూతురు వచ్చి ఎదురుగా కూర్చుంది. "టైలరమ్మ ఫోన్ చేసింది. ఏమన్నావు నాన్నని?"

ఆవిడకి ఒళ్ళు మండింది. సిగ్గు మండితే బయటికి కోపంగానే వస్తుంది. "ఏమన్నాను? ఏదో నోరు జారింది. మీ నాన్న మాత్రం తక్కువా? అడిగిందే అడిగి నా ప్రాణం తీస్తాడు. ఏడాదిగా తేనెపిట్ట, తేనెపిట్ట! ఒక్కటి గుర్తుండి చావదు."

"నాన్నకి తెలియక అడుగుతున్నాడనుకున్నావా?"

"మరి?"

"నాన్నకి అన్ని పిట్టలూ తెలుసమ్మా. నువ్వు చెప్పినవన్నీ ఆయన బుర్రలోనే ఉన్నాయి. నేను బస్టాపులో నిలబడి ఫోన్ మాట్లాడుతుంటే, 'అదిగో, నీ వెనకాల గోరింక' అంటాడు ఫోన్లోంచే! ఆయన అడక్కపోతే అక్కడ పిట్ట కూస్తోందని నీకెలా తెలుస్తుంది? తెలియకపోతే అందరిలో నీ మాట పోదూ? అందుకే ప్రతి వారం ఏమీ తెలియనివాడిలా అడిగాడు. నువ్వు బుర్రలో డీజిలన్నా నవ్వాడు."

టీచరమ్మ తలెత్తి వాకిట్లోని గంట వైపు చూసింది.

"ఆ గంట కూడా అంతే," అంది కూతురు. "పాతది పాడవలేదు. నా షాపు సొరుగులో ఉంది, నొక్కితే ఇప్పటికీ చక్కగా మోగుతుంది. నీకు వినబడే గంట కావాలని ఆ పాత బజారంతా తిరిగాడు. ఒక్కోటి మోగించి చూసుకున్నాడు. నీకు చెబుదామని నేనెన్నిసార్లన్నానో. 'వద్దమ్మా, దాని చెవులే దాని పరువు' అన్నాడు. నా దగ్గరికి రోజూ ఎంతోమంది వచ్చి మాకు కనబడ్డం లేదని సిగ్గుపడకుండా చెప్తారమ్మా. కళ్ళకి లేని సిగ్గు చెవులకెందుకు?"

ఒక్కొక్క ఆదివారమే వెనక్కి తిరిగి ఆవిడ ముందుకొచ్చి నిలబడింది. ఆయన అడిగిన ప్రతి ప్రశ్నా, దానికి తను విసిరిన ప్రతి విసురూ గుర్తొచ్చాయి. తను ఆయన్ని మోసం చేస్తున్నానని ఇన్నాళ్ళూ బెంగపడింది. ఆయన కావాలనే మోసపోతూ వచ్చాడు. భూమి చీలి తనని మింగితే బాగుండుననిపించింది.

ఆయన బాల్కనీలో ఎండిన బట్టలు మడతపెడుతున్నాడు. ఆవిడ వెళ్ళి పక్కన నిలబడింది. ఏం మాట్లాడాలో తెలియక దుప్పటి రెండో కొస పట్టుకుంది.

"నాకు సరిగ్గా వినబడ్డం లేదండీ."

చెప్పేసింది. అంతసేపూ కొండంత ఉన్న మాట అది. బయటికొచ్చాక దుప్పటి మడతంత కూడా లేదు.

"తెలుసు," అన్నాడాయన.

"నాతో ఒక్క మాటనకపోయారా?"

ఆయన దుప్పటి దులిపి అంచులు కలిపాడు. "బస్సులో నిద్రపోయేవాళ్ళుంటారు. వాళ్ళ స్టాపు వస్తే పేరు పెట్టి లేపితే అందరిలో చిన్నబోతారు. అందుకని స్టాపు పేరు గట్టిగా అరిచేవాణ్ణి, ఎవరికో చెప్తున్నట్టు. వాళ్ళే లేచి దిగేవాళ్ళు. అదే అలవాటైంది." మడత ఆవిడ చేతికిచ్చి అన్నాడు, "ఇవాళ మాత్రం నొచ్చుకున్నాను టీచరమ్మా. ఇంజను పక్కన కూర్చున్నా నా చెవులు మంచివే."

ఆవిడ ఏడ్చేసింది. వెక్కివెక్కి, ఇరుగుపొరుగు చూస్తారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చింది. "పదిమందిలో మిమ్మల్ని అన్నాను. నా నోరు పడిపోనూ!"

"పోనీలే. వచ్చే ఆదివారం మోకాలు నొప్పని మానేద్దాం."

"వద్దు. వెళ్దాం. అక్కడే అన్నాను, అక్కడే చెప్పుకుంటాను."

ఏడాదిలో ఆఖరి ఆదివారం చెరువు గట్టు మీద టీ తాగుతూ అందరూ లెక్కలు తేల్చుకునే వేళ టీచరమ్మ గొంతు సవరించుకుంది. క్లాసులో పిల్లల ముందు ఏనాడూ వణకని గొంతు ఆ రోజు వణికింది.

"నా లెక్కలోంచి విన్న పిట్టలన్నీ కొట్టేయండి. చూసినవి ఉంచండి చాలు. సన్నటి కూతలు నాకు వినబడవు. అవన్నీ ఈయన చెవులవి, నావి కావు. కిందటి వారం ఈయన్ని నేనన్న మాట..." మిగతాది నోట రాలేదు.

షాపాయన తడబడుతూ అన్నాడు. "అది కాదమ్మా, రూల్లో చెవి అని ఉంది గానీ ఎవరి చెవో లేదుగా..."

"రూలు నాకూ తెలుసు బాబూ. టీ మీదే," అంది ఆవిడ. ఆయన వాదించలేదు.

సరిగ్గా అప్పుడు అందరి తలలూ రెల్లు వైపు తిరిగాయి. ఆవిడకి ఆ తలలు తిరగడమే కనబడింది. ఇదివరకైతే తనూ గబుక్కున తిప్పేది. ఈసారి తిప్పలేదు. భర్త వైపు చూసి, అందరికీ వినబడేలా అడిగింది.

"ఏమండీ, నాకు వినబడలేదు. ఎలా కూస్తోందో చెప్పరూ?"

ఆయన తాళాలగుత్తి అనలేదు, చెంచా అనలేదు. ఇన్నేళ్ళూ ఈలని మధ్యలోనే ఆపేసిన మనిషి అందరి ముఖాలూ ఓసారి చూసి, మొహమాటంగా పెదాలు ముడిచి ఈల వేశాడు. అంత ఎత్తుకి ఆయన ఊపిరి అందలేదు. పిట్ట పాట ఒక స్థాయి కిందికి దిగి, బరువుగా, వంకరటింకరగా వచ్చింది. ఆ దిగిన చోట ఆవిడ చెవులు ఇంకా బతికే ఉన్నాయి.

వినబడింది. రెల్లుపిట్ట పాట మొదటి నుంచి చివరిదాకా వినబడింది.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"శ్రుతి తప్పింది," అంది. "అయినా ఫరవాలేదు. మళ్ళీ వెయ్యండి."