తువాలు కింద చెయ్యి

వ్యాపారం మొదలుపెట్టిన నాడు శ్రీరాములు చేతిలో ఉన్న పెట్టుబడి భుజం మీది తువాలు. పుంగనూరు పశువుల సంతలో అతను దళారి. అక్కడ ధర నోటితో చెప్పరు. తువాలు కింద చేతులు కలిపి వేళ్లు పట్టుకుంటారు. ఏ వేలు ఎంతో పట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది. అక్కడ జరిగింది బయట పెట్టని దళారికే బేరాలు వస్తాయి. శ్రీరాములు ఏనాడూ బయట పెట్టలేదు. ఆ రాబడితో మదనపల్లెలో ఇల్లు కట్టాడు, ఒక్కగానొక్క కొడుకు చరణ్‌ను చదివించాడు. చరణ్ కుప్పంలో పాడి ఆవులకు అప్పులిచ్చే సంఘంలో గుమాస్తాగా కుదిరి, పెళ్లయ్యాక భార్యతో అక్కడే కాపురం పెట్టాడు. అంతవరకు ఖాతా లాభంలోనే ఉంది.

ఆ ఉదయం అతను పెరట్లో ఆవుకు తవుడు కలుపుతున్నాడు. భార్య రత్నమ్మ పాలు కాస్తూ, కొడుకు ఈ వారమైనా వస్తాడో రాడోనని గొణుగుతోంది. ఒక ఆడమనిషి వచ్చి గేటు దగ్గర నిలబడింది. పేరు రెడ్డెమ్మ, ఊరు శాంతిపురం అంది. ఆవు అప్పు కట్టకపోతే ఇల్లు వేలం వేస్తామని సంఘం వాళ్లు నోటీసు అంటించి పోయారట.

“నీ దగ్గరే ఆవును కొన్న్యానని రాసుండారన్నా,” అంది. “నీ మొగం నేను సూడ్డం ఇదే మొదలు.”

అప్పు మంజూరు కోసమని ఒకరోజు ఆమె వాకిట్లో ఒక ఆవును కట్టి, పక్కన ఆమెను నిలబెట్టి ఫోటో తీశారట. సాయంత్రానికి ఆవును వ్యానెక్కించుకుని పోయారు. అప్పు రాలేదని తర్వాత కబురు చేశారు. ఫోను తీసి ఆ ఫోటో చూపించబోయిన రెడ్డెమ్మ, పెరట్లోకి చూసి ఆగిపోయింది.

“ఇదే ఆ ఆవు,” అంది మెల్లగా.

శ్రీరాములు ఆవు చెవి పట్టుకున్నాడు. అప్పిచ్చిన ఆవులకు వేసే నంబరు బిళ్లలు గుచ్చిన రంధ్రాలతో అది జల్లెడలా ఉంది. సంఘం క్యాంపుల్లో చూపించాలని చరణ్ ఆ ఆవును తరచూ తీసుకెళ్లేవాడు. పాత బిళ్ల ఊడిపోయింది, కొత్తది వేశామనేవాడు. అమ్మకం కాగితాల మీద సంతకాలు అడిగితే శ్రీరాములు పెట్టాడు. ఎదుటివాడి బేరం గురించి అడగకపోవడం అతని వృత్తి. కన్నకొడుకు దగ్గరా అదే పాటించాడు.

మధ్యాహ్నానికి కుప్పం చేరాడు. తండ్రి ఆవు చెవి మాట ఎత్తగానే చరణ్ తలుపు వేసి అంతా చెప్పాడు. ఆవు ఒక్కటే; దాని మీద ఎందరి పేర్లతోనో అప్పులు. డబ్బు సంఘం అధ్యక్షుడు చెంగయ్యకూ, అతని పైవాళ్లకూ పోతుంది. మొదట్లో తనకూ కొంత ముట్టిందని చరణ్ దాచలేదు. మానుకుందామనుకునేసరికి, సంతకం పెట్టనన్న పశువుల డాక్టరును లారీ గుద్దింది. ఆ లారీ ఎవరిదో తేలలేదు.

“ఆయప్ప ఇంగ నడవలేడంట నాయనా,” అన్నాడు చరణ్. “నువ్వు పోలీసులకు చెప్తే తర్వాత నేనే.”

“చెప్పకుంటే రెడ్డెమ్మ ఇల్లు పోతాదిరా.”

“నీకు ఆమె ఇల్లు కావాల్నా, కొడుకు కావాల్నా?”

శ్రీరాములు లేచి బస్టాండుకు నడిచాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని లెక్క వేసుకుంటూ వచ్చాడు. ఎటు వేసినా ఒక మనిషి తక్కువ వస్తున్నాడు.

సంతకు అతను ఆ వారం ఆవును వెంట తెచ్చాడు, అమ్మడానికి కాదు. శ్రీరాములు కుప్పం వచ్చి పోయిన సంగతి తెలిసి, చెంగయ్య అతన్ని వెతుక్కుంటూ అక్కడికే వచ్చాడు. నవ్వుతూ పలకరించి, శ్రీరాములు భుజం మీది తువాలు తానే లాగి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. వేళ్లు నొక్కాడు. పెద్ద మొత్తమే. ఆ తర్వాత చిటికెన వేలు పట్టుకుని నొప్పి పుట్టేదాకా వెనక్కి వంచాడు. ఆ మాటా అర్థమైంది.

“ఏమప్పా, కుదిరినట్టేనా? నీకుండేది ఒక్క కొడుకే గదా.”

శ్రీరాములు తువాలు తీసేశాడు. సంతలో ఏ దళారీ చేయని పని చేశాడు.

“నోరు మూసుకుంటే ఇరవై లచ్చలు ఇస్తానంటాండాడు ఈయన,” అన్నాడు చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినబడేలా. “శాంతిపురంలో లేని ఆవులకు అప్పులు రాసినారు. దాంట్లో నా కొడుకు చరణూ ఉండాడు. రేపు వానికేమన్నా అయితే ఈ చెంగయ్యనే అడగండి.”

ఎవరో ఫోనులో పట్టారు. సాయంత్రానికి అది పుంగనూరు, మదనపల్లె, కుప్పం మూడూ తిరిగింది. శ్రీరాములు ఆవును నడిపించుకుంటూ పోలీస్ స్టేషనుకు పోయాడు. రెండు రోజుల్లో చెంగయ్యనూ చరణ్‌నూ పట్టుకున్నారు.

రత్నమ్మ తిట్టలేదు. కోడలికి తోడుగా కుప్పం పోవడానికి బట్టలు సర్దుకుంది. గడప దాటేటప్పుడు మాత్రం అడిగింది.

“వాని పేరు నీ నోటితో ఏల చెప్తివి?”

శ్రీరాములు సంత మానలేదు. మనుషులు పలకరించేవాళ్లు, టీ తాగమనేవాళ్లు, బేరానికి మాత్రం వేరే దళారి దగ్గరికి నడిచేవాళ్లు. వాళ్ల తప్పేమీ లేదు. గుట్టు నిలవని తువాలును తనైనా నమ్మడు. ఇంటికొచ్చి ఒక్కడికే బియ్యం కడిగి పెట్టుకునేవాడు. ఎంత తక్కువ వండినా మిగిలేది. ఆవు సాక్ష్యంగా గోశాలలో ఉండిపోయింది. మిగిలింది వేయడానికి పెరట్లో అదీ లేదు. కుప్పానికి ఫోను చేస్తే కోడలు ఎత్తి, అత్తమ్మ పడుకుందనేది.

ఎండలు ముదిరాక ఒక సంత రోజు, అతను పశువుల వరుస చివర ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఎవరో వచ్చి పక్కన కూర్చుని తువాలు కిందికి చెయ్యి పోనిచ్చారు. బేరమనుకుని శ్రీరాములు వేళ్ల కోసం వెతికాడు. ఆ చెయ్యి ధర చెప్పలేదు, అతని చేతిని పట్టుకుని ఊరుకుంది. తలెత్తితే చరణ్. బెయిలు వచ్చిందట. వెనక రత్నమ్మ నిలబడి ఉంది.

“జైల్లో చెంగయ్య మనిషి ఒకడు నాతో అన్న్యాడు నాయనా,” అన్నాడు చరణ్. “మీ నాయన సంతలో అరవకుంటే నిన్నూ లారీ కింద ఏసుందుము, ఇప్పుడు నీకు జలుబు చేసినా మా మిందికే వస్తాదని.”

రత్నమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. “ఆ ముక్క నాకు ముందే చెప్పుంటే ఏం పోయేది నీకు?”

“చెప్పుంటే నువ్వు పోనిచ్చుండవు,” అన్నాడు శ్రీరాములు.

లెక్క చూసుకున్నాడు. సంతలో పేరు పోయింది. ఆవు పోయింది. కొడుకు మీద కేసు ఉంది, శిక్ష పడినా పడొచ్చు. వేలం ఆగి, రెడ్డెమ్మ ఇల్లు రెడ్డెమ్మకు నిలిచింది. తనకు మిగిలింది తువాలు కింద కొడుకు చెయ్యి, ఐదు వేళ్లూ విరగకుండా.