అరవకూడని గ్రహణం

మిట్టమధ్యాహ్నం!

నడినెత్తిన నిప్పులు చెరగవలసిన సూర్యబింబం అంచున ఎవరో కొరికినట్టు ఒక నల్లని గాటు పడింది... కొబ్బరి తోపుల మీద గాలి స్తంభించింది. పట్టపగలు గుడ్లగూబ ఒకటి శ్మశానగుహ పైబండ మీద వాలి "ఘూ... ఘూ..." అంటూ కూసింది. మబ్బు తునకైనా లేని పడమటి సముద్రం మీద ఉరుములాంటి చప్పుడు! అది ఉరుము కాదనీ, తెల్లవాళ్ళ ఓడలమీది అగ్నిగొట్టాలనీ ఊరందరికీ తెలుసు. అయినా ఒక్కరూ కిక్కురుమనలేదు. కుక్కలు కూడా మొరగలేదు, వాటి మూతులు నారతాళ్ళతో బిగించి ఉన్నాయి.

మనుషుల నోళ్ళకు తాళ్ళు అక్కరలేదు. ఊరి దొర, దాతు కబిలాన్ చనిపోయినప్పటి నుంచి మౌనదీక్ష నడుస్తోంది. ఈటెలు మొన కిందికి పెట్టి నడుస్తున్నారు. నడుముకున్న కత్తుల పిడులు వెనక్కి తిప్పుకున్నారు. అన్నం ముట్టకుండా అరటికాయలతో, దుంపలతో పొద్దు గడుపుతున్నారు. గుసగుసలాడవచ్చు గాని గొంతెత్తకూడదు. గొంతెత్తి అరిచిన మొదటి మనిషి చచ్చిన దొర సొత్తు! ఆ ప్రాణాన్ని వెంటబెట్టుకుని దొర తన దారిన తాను పోతాడు, ఊరు మళ్ళీ నోరు విప్పుతుంది. తాతల నాటి కట్టడి ఇది. దీన్ని కాదన్నవాడు ఎవడూ బతికి చెప్పలేదు.

గుహ ముందు చేరిన జనంలో అందరికంటే ముందు హమిలి నిలబడింది. ఆమె దొర ఇంటి బానిస. ఆమె కుడి భుజం మీద దొర ఒక్కగానొక్క కూతురు ఉనాయ్ కూర్చుంది. దొరబిడ్డల ఆచారం ప్రకారం ఉనాయ్‌ని పుట్టినప్పటి నుంచి లోపలి గదిలో పెంచారు. ఆమె పాదం ఇంతవరకు నేల తాకలేదు. వెదురు మెట్లు దిగాలన్నా, ఏటికి వెళ్ళాలన్నా హమిలి భుజమే ఆమెకు దారి. ఈడొచ్చిన పిల్లయినా తెల్లని నారచీరలో తామరతూడులా తేలికగా ఉంటుంది. కాని ఇవాళ భయంతో బరువెక్కింది.

హమిలికి భయం వేయలేదు. అసలు ఆమెకు ఏమీ అనిపించడం లేదు. దొర పడవ మీద తెల్లవాళ్ళ అగ్నిగొట్టం పేలిన రోజున, ఆ పడవలోనే తెడ్డు వేస్తున్న ఆమె కొడుకు బాలిత్ కూడా పోయాడు. దొర కోసం ఊరంతా దీక్ష పట్టింది. ఆ దీక్ష మూలంగానే కన్నకొడుకు కోసం ఆమె నోరారా ఏడవలేకపోయింది. మొదట్లో ఏడుపును అదిమిపెట్టింది, తరవాత వెతికితే దొరకలేదు. కూర్చుని కూర్చుని తిమ్మిరెక్కిన కాలులా లోపల ఏదో ఉందని మాత్రం తెలుసు.

ఆ పొద్దున్నే మాంత్రికుడు సుమాలోక్ ఆమెను వంటపాక వెనక్కి పిలిచాడు. ఊరి పూజారిణి క్రితం వానలకు జ్వరంతో పోయింది. ఆమె ఉండి ఉంటే వీడి ఆటలు సాగేవి కావు. ఇప్పుడు వాడికి ఎదురు చెప్పినవాడు కడుపుబ్బి, నోటినిండా నల్లపురుగులు కక్కుకుని చస్తున్నాడు. మసి పట్టిన తన గురువు కపాలాన్ని చంకలో పెట్టుకుని, వక్క నమిలిన ఎర్రనోటితో సుమాలోక్ గుసగుసలాడాడు.

"ఒసే హమిలీ, ఇయాళ మజ్జానం బకునావా పాము సూర్యుణ్ణి మింగుద్ది. చీకటి పడగానే పిల్ల నోటికి నీ చెయ్యి అడ్డం పెట్టమాక. దాన్ని అరవనీ."

"అరిస్తే చచ్చిపోద్ది గదయ్యా."

"పేణం పోద్ది. ఒళ్ళుంటది గదే! ఖాళీ ఇంట్లో మా గురువుని కాపురం పెడతా." కపాలాన్ని ముద్దుగా తట్టాడు. "దొర కూతురు నోట్లో నుంచి ఏ మాటొస్తే ఊరు ఆ మాట వింటది. తెల్లోళ్ళకి దణ్ణం పెట్టమంటది, పెడతారు. తెల్లోళ్ళు నన్ను దొరని చేస్తారు. అంతా మాటాడుకున్నాం."

"ఇదంతా నాకెందుకు చెప్తన్నావు?"

"నువ్వు ఎండిపోయిన మోడువి. మోడుకి చెవులుంటయ్యా? పైగా నీకూ లాభం ఉందే పిచ్చిదానా. నీ కొడుకు గొంతు ఈ కపాలంలో ఉంది. అడ్డం తప్పుకో, దాన్ని నీకిచ్చేస్తా. రోజూ మాటాడుకోవచ్చు."

హమిలి సరే అనలేదు, కాదనీ అనలేదు. ముసలి తెడ్డుగాడు గుమాన్‌కు మాత్రం చెవిలో చెప్పింది. గుమాన్ అటూ ఇటూ చూశాడు.

"బానిసదాని మాట ఎవరు నమ్ముతారే? నమ్మినోడు సాయంత్రానికి పురుగులు కక్కుతాడు. చెయ్యి తియ్యమాక. అంతకంటే నేనేం చెప్పను?"

తండ్రి శవపేటిక ముందు కూతురు ఆహారం పెట్టాలన్నది ఆచారం. ఆ ముహూర్తం మధ్యాహ్నానికే కుదిరిందని సుమాలోక్ పెద్దల చేత ఒప్పించాడు. అందుకే ఊరంతా ఇక్కడ ఉంది.

గాటు పెరిగింది. సగం సూర్యుడు మాయమయ్యాడు! నీడలు వంకరలు తిరిగాయి. కోళ్ళు చెట్లెక్కాయి. సముద్రగర్భంలో చుట్టలు చుట్టుకుని పడుకునే మహాసర్పం బకునావా తల ఎత్తింది... ఆ ద్వీపంలో పుట్టిన ప్రతి బిడ్డకూ అప్పుడేం చేయాలో తెలుసు. కుండలు కొట్టాలి, కంచు పళ్ళేలు మోగించాలి, గుండెలు పగిలేలా "ఉమ్మెయ్! మా సూర్యుణ్ణి ఉమ్మెయ్!" అని అరవాలి. పాలు మరవని పసివాడి చేతికి కూడా తల్లి గరిటె ఇచ్చి కుండ మీద కొట్టించేది. ఇప్పుడు ఊరు ఊరంతా పళ్ళు బిగించి నిలబడింది. తల్లులు తమ పిల్లల నోళ్ళు అరచేతులతో మూశారు.

"అరిస్తే మనం పోతాం, అరవకపోతే సూర్యుడు పోతాడు," గుమాన్ గొణిగాడు. "ఎటు పోయినా చీకటే. ఈ బతుక్కి ఒకటే చాలు గదా, రెండెందుకు?"



హమిలి ఉనాయ్‌ని భుజం మీద నుంచి ఒడిలోకి దించుకుని బండ మీద కూర్చుంది. పిల్ల పాదాలు తన తొడల మీద పెట్టుకుంది.

"దాదమ్మా, నాకు అరుపు వచ్చేత్తంది," ఉనాయ్ ఆమె చెవిలో అంది.

"నా చేతిలోకి అరువమ్మా. బయటికి పోనియ్యను." హమిలి అరచేయి ఆ లేత నోటిని కప్పేసింది.

సుమాలోక్ ఒక చేత ఎముక పట్టుకుని, బూడిదతో, కోడినెత్తురుతో మండలం గీశాడు. నడుమ కపాలాన్ని ప్రతిష్ఠించాడు. గుగ్గిలం పొగ సుడులు తిరిగింది. పెదవులు మాత్రమే కదుపుతూ వాడు మంత్రాలు జపిస్తుంటే, పాములు బుసకొడుతున్నట్టు వినిపించింది... ఆఖరి వెలుగురేఖ ఆరిపోయింది!

కటికచీకటి! నడిపగలు నక్షత్రాలు! గుహలో దొర శవపేటిక మూత లోపల నుంచి... టక్... టక్... మని చప్పుడు చేసింది. చచ్చిన దొర తనకు రావలసిన ప్రాణం కోసం కాచుకుని ఉన్నాడు.

కపాలం కంటిగుంతల్లో పచ్చని మంట లేచింది. దవడ కదిలింది.

"ఉనాయ్... నా తల్లీ... నాన్ననే. ఒక్కసారి గట్టిగా పిలవ్వా?"

అది కబిలాన్ గొంతే! ఉనాయ్ శరీరం విల్లులా వంగింది. జుట్టు గాలి లేకుండానే పైకి లేచింది. కనుగుడ్లు వెనక్కి తిరిగి తెల్లబడ్డాయి. గొంతులో ఒక కేక పుట్టి, ఎగదన్నుకుంటూ వచ్చి హమిలి అరచేతికి కొట్టుకుంది. పిల్ల పళ్ళు ఆ చేతిలో దిగబడ్డాయి. నెత్తురు మోచేతి దాకా కారింది. నొప్పి ఎక్కడో పక్కింట్లో జరుగుతున్నట్టుంది హమిలికి. చెయ్యి మాత్రం కదపలేదు.

సుమాలోక్ కళ్ళు చింతనిప్పులయ్యాయి. గొంతెత్తడానికి వాడికీ వీల్లేదు. కోపాన్నంతా గుసగుసలోనే కక్కాడు. "తియ్యవే చెయ్యి! ముండా! నీ పేగుల్లో పురుగులు పోస్తా!"

కపాలం నోటి నుంచి నల్లపురుగులు బిలబిలమంటూ బయటికి వచ్చాయి. బండ మీద పాకి, హమిలి కాళ్ళెక్కి, చేతి గాయం చుట్టూ ముసిరాయి. ఆమె వాటిని చూసింది. దులుపుకోవాలంటే రెండో చెయ్యి కావాలి. ఆ చెయ్యి పిల్ల నడుమును పట్టుకుని ఉంది.

అప్పుడు కపాలంలో గొంతు మారింది.

"అమ్మా... నీళ్ళు చల్లగా ఉన్నాయే... తెడ్డు జారిపోయిందే... చెయ్యియ్యవే అమ్మా..."

బాలిత్! మాట చివర కాస్త ముక్కుతో పలికే అలవాటు కూడా వాడిదే. హమిలి విన్నది. ఈ గొంతు వింటే తన గుండె ఆగిపోవాలని ఆమెకు తెలుసు. ఆగలేదు. మామూలుగానే కొట్టుకుంటోంది. అందుకు తన మీద తనకు కొంచెం అసహ్యం వేసింది.

"నా చెయ్యి ఖాళీ లేదురా అయ్యా," అంది మెల్లగా.

ఆ గొంతు అలా పిలుస్తూనే ఉంది. పిలిచి పిలిచి, ఏడ్చి ఏడ్చి అణిగిపోయింది. హమిలి కదల్లేదు. ఆ మోడును కదిలించే మంత్రం సుమాలోక్ నేర్చిన విద్యలో లేదు!

కాలం గడిచింది... చీకటి తొలగలేదు.

జనం తలలెత్తారు. ఇంతసేపు ఏ గ్రహణమూ ఉండలేదు. మరి ఎప్పుడూ అరిచేవారు! కుండలు కొట్టేవారు! ఈసారి ఎవరు కక్కించాలి ఆ పాము చేత? సముద్రం ఒడ్డు విడిచి వెనక్కి తగ్గింది. నల్లని బింబం చుట్టూ బకునావా పొలుసులు తళతళలాడాయి...

సుమాలోక్ కూడా తల ఎత్తాడు. చీకటి పడగానే పిల్ల అరుస్తుంది, చిటికెలో పని ముగుస్తుంది అనుకున్నాడు. ఊరంతా నిజంగానే నోరు మూసుకుంటే సూర్యుడి గతి ఏమిటన్నది వాడికి తట్టనే లేదు. ఎంత మాంత్రికుడైనా వాడూ ఆ మట్టిలో పుట్టినవాడే. వాడి చేతికీ ఒకనాడు ఒక తల్లి గరిటె ఇచ్చింది.  మంత్రం తడబడింది. చెయ్యి తనంత తాను కపాలాన్ని కుండలా పట్టుకుంది. రెండో చేతిలోని ఎముక దాని మీద పడింది... ఠణ్!

"ఉమ్మెయ్!" సుమాలోక్ దిక్కులు పిక్కటిల్లేలా అరిచాడు. "మా సూర్యుణ్ణి ఉమ్మెయ్!!"

ఆ కేక కొండకు తగిలి, గుహలో దూరి, తిరిగి రాలేదు.

తన నోటి నుంచి వచ్చింది ఏమిటో వాడికి అప్పుడు తెలిసింది. శవపేటిక మూత ఫెళ్ళున లేచింది! ఉప్పునీటి వాసనతో చల్లని గాలి ఒకటి గుహ నుంచి నడిచి వచ్చింది. అవును, నడిచే వచ్చింది. తడి అడుగులు ఒక్కొక్కటిగా బండ మీద పడ్డాయి. ఒంటినిండా పచ్చబొట్లున్న ఒక పొడవాటి ఆకారం హమిలి ఒడిలోని కూతురి దగ్గర ఒక్క క్షణం ఆగి, ముందుకు సాగింది.

"నేను గాదు దొరా... పొరపాటున... నేను గాదు!"

కట్టడికి పొరపాట్లు తెలియవు. సుమాలోక్ నోరు తెరుచుకునే ఉండిపోయింది. ముందు గొంతు పోయింది. తరవాత నీడ పోయింది. కపాలం నిలువునా పగిలి, దిక్కులేని పురుగులన్నీ తమ యజమాని మీదికే మళ్ళాయి! వాడి దేహం కూలబడింది. ఇల్లు ఖాళీ అయింది గాని, అందులో కాపురం ఉండడానికి ఎవరూ మిగల్లేదు.

ఆకాశంలో వెలుగు చుక్క ఒకటి పుట్టింది. సూర్యుడు బయటపడ్డాడు.

"దీక్ష తీరింది!" గుమాన్ అరిచాడు. ఇన్నాళ్ళ తరవాత తన గొంతు తనకే కొత్తగా వినిపించి దగ్గాడు. ఎవరో కుక్కల మూతులు విప్పారు. అవి సముద్రం వైపు తిరిగి మొరగడం మొదలుపెట్టాయి.

వచ్చిన వెలుగులో అందరికీ కనిపించింది. కొండకొమ్మును చుట్టి తెల్లవాళ్ళ ఓడలు లోపలికి వచ్చేశాయి. అగ్నిగొట్టం పేలింది. ఒడ్డునున్న పడవలపాక ఎగిరిపోయింది. ఊరికి ఇప్పుడు దొర లేడు, మాంత్రికుడు లేడు. ఇప్పుడు అరవవచ్చు. కాని ఎవరికీ అరవాలనిపించలేదు. పిల్లల్ని, వండని దుంపల్ని చేతికందినంత పట్టుకుని కొండదారి పట్టారు.

ఉనాయ్‌ని భుజానికెత్తుకుని హమిలి కొంత దూరం ఎక్కింది. పచ్చిపుండయిన చెయ్యి పట్టు ఇవ్వడం లేదు. 

"దించు దాదమ్మా. నడుస్తాను."

"నీ కాళ్ళు నేలకి తగలకూడదమ్మా. తగిలితే నీ విలువ పోద్ది."

"ఎవరి దగ్గర? ఓడల్లో వచ్చినోళ్ళ దగ్గరా?"

 హమిలి మెల్లగా వంగింది. నేల ఎరగని ఆ పాదాలు మొదటిసారి దారి మీద ఆనాయి. రెండో అడుగుకే పగడపురాయి కోసుకుంది.

"అమ్మో!" ఉనాయ్ కెవ్వుమంది.

హమిలి చెయ్యి ఎగిరివెళ్ళి పిల్ల నోరు మూసేసింది. ఇద్దరూ అలాగే నిలబడిపోయారు. పక్క నుంచి జనం ఎక్కిపోతున్నారు. కాసేపటికి హమిలికి గుర్తొచ్చి, వేళ్ళు ఒక్కొక్కటిగా సడలించి చెయ్యి తీసేసింది.

"ఏడువమ్మా," అంది. "ఇంక ఏడవొచ్చు."

ఉనాయ్ ఏడ్చింది. తండ్రిని తలుచుకుని, కాళ్ళు కోసుకుంటున్నాయని, దారి పొడుగునా వెక్కి వెక్కి, గొంతు విప్పి ఏడ్చింది. తనకూ ఏడుపు వస్తుందేమోనని హమిలి కొండ ఎక్కేదాకా చూసింది. రాలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని, ఆ ఏడుపు వింటూ, అందులో కొంచెం తన కొడుక్కి తీసుకుంది.