ఖాడీ ఒడ్డున రెండో మనిషి

ఉదయం స్టూడియో తలుపు తీసిన నవతకు గోడమీద ఖాళీ చట్రం కనిపించింది. అందులోని బొమ్మను ఎవరో కోసుకుపోయారు.

"పైసలకోసమైతే పక్కనున్న పెద్ద బొమ్మ తీస్కపోవాలె గద సార్! అది ముంబైకి అమ్ముడుపోయింది. దాన్ని ముట్టనే లేదు," అంది నవత, తాను పిలిపించిన ప్రైవేటు డిటెక్టివ్ బ్రహ్మచారితో.

సూరత్‌లోని భేస్తాన్‌లో మూతపడ్డ మగ్గాల షెడ్డే ఆమె స్టూడియో. తెలంగాణ నుంచి వలస వచ్చిన నేతపనివాళ్ల ఇంట పుట్టి, మిల్లు గుడ్డ మీదే రంగులు వేసే నవత పేరు ఇప్పుడిప్పుడే బయట వినబడుతోంది. ఆమె బొమ్మల్లో నీళ్లలోంచి, రెల్లులోంచి మనుషులు పుట్టుకొస్తారు. మళ్లీ వాటిలోనే కరిగిపోతారు.

"పోయింది ఎవరి బొమ్మ?"

"మా తమ్ముడు సంపత్‌ది సార్. మొన్నటి వానకాలం ఖాడీ వాగు పొంగి నీళ్లల్ల కొట్టుకపోయిండు. ఫోటోలల్ల వాడు వాడి లెక్క లేడు. గీ బొమ్మల దొరికిండు. ఎల్లుండి ప్రదర్శన. మళ్ల గీయుమంటే నాతోని కాదు."

బ్రహ్మచారి చట్రం మీదికి వంగాడు. పైనా, రెండు పక్కలా మేకులను ఆనుకుని కోశారు. కిందివైపు మాత్రం జానెడు గుడ్డ వేలాడుతోంది. నవత సంతకం ఆ ముక్క మీదే ఉండిపోయింది.

"సంతకం వదిలేసే దొంగ ఎవడు సార్?" అంది ఆయన అసిస్టెంట్ విజయరాణి.

బ్రహ్మచారి పక్క కారఖానాలోకి వెళ్లి, ఒక పనివాడు మగ్గం మీంచి బట్ట కోస్తుంటే చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన అలా చూశాడంటే కేసు సగం తేలినట్టేనని విజయరాణికి తెలుసు.

స్టూడియో తాళంచెవులు నవత కాక మరో ముగ్గురి దగ్గర ఉన్నాయి. బ్రహ్మచారి ముగ్గురినీ విడివిడిగా ఒకే ప్రశ్న అడిగాడు: ఆ బొమ్మలో ఏముంది?

"నీళ్లల్ల పోరడు, ఒడ్డుకు చెట్టు. బస్, అంతే," అన్నాడు బొమ్మలు అమ్మిపెట్టే ప్రణయ్. సూరత్‌లోనే పుట్టినా మగ్గం ఎన్నడూ ముట్టనివాడు. "అది లేకుంటే ప్రదర్శన ఖతం భాయ్. నా ధందా నేనే ముంచుకుంటనా?"

ఆ షెడ్డులోనే బొమ్మలు వేసుకునే ఊర్మిళ నవ్వింది. ఆమెది ఉపాధ్యాయుల కుటుంబం, మగ్గం ఎరగదు. "నాకు నవత మీద జలన్, కుళ్లు అంటున్నరు గద? ఉన్నది. గని దాని బొమ్మ ఎత్తుకపోతే నా చెయ్యి తిరుగుతదా సార్? నీళ్లు, పిల్లగాడు, చెట్టు. గంతే."

పక్క పేట వడోద్‌లో ఉండే నవత మేనమామ లక్ష్మీరాజం చిన్ననాటి నుంచీ మగ్గం మీదే బతికాడు. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "గీ కళలు నాకేం సమజైతయి సార్? ఇద్దరు మనుషులు. ఒగడు నీళ్లల్ల, ఒగడు ఒడ్డుమీద."

"సంపత్ పోయిన రోజు మీరెక్కడున్నారు?"

"కారఖానల. ఇంకేడుంట?"

సాయంత్రం అందరూ ఖాళీ చట్రం ముందు చేరారు.

"బొమ్మల దొంగ నాలుగు వైపులా మేకుల వెంట కోస్తాడు, సంతకంతో సహా," అన్నాడు బ్రహ్మచారి. "ఇక్కడ కింద జానెడు గుడ్డ మిగిలింది. మగ్గం మీంచి బట్ట కోసేవాళ్లు అలాగే కొంత వదులుతారు. దాన్ని రోలరుకు చుట్టి నేత కొనసాగించాలి కాబట్టి. మనసు తొందరలో ఉన్నా చెయ్యి అలవాటు మానలేదు."

"సూరత్‌ల సగం మంది మగ్గమోల్లే. అందర్ని పట్టుకుంటవా?" లక్ష్మీరాజం గొంతు పెంచాడు.

"తాళంచెవి ఉన్న మగ్గమాయన మీరొక్కరే. ఇంకో సంగతి. ఆ బొమ్మలో రెండో మనిషిని చూసిందీ మీరొక్కరే." డిటెక్టివ్ నవత వైపు తిరిగాడు. "ఒడ్డు మీద ఎవరిని గీశారమ్మా?"

"ఎవర్ని గీయలే సార్. అది తుమ్మచెట్టు. బొమ్మ ఒక దిక్కుకు ఒరిగినట్టయితుండె, అందుకని వెట్టిన."

"ఈమె బొమ్మల్లో చెట్టుకీ మనిషికీ మధ్య గీత ఉండదు," అన్నాడు బ్రహ్మచారి మెల్లగా. "సంపత్ మునిగిన రోజు ఆ ఒడ్డున నిలబడ్డవాడికే అక్కడ మనిషి కనబడతాడు."

లక్ష్మీరాజం చట్రం దగ్గరికి వెళ్లి మిగిలిన గుడ్డను ముట్టుకున్నాడు. "చెట్టా బిడ్డా?"

"చెట్టే మామా."

ఆయన నవత వైపు తిరిగాడు.

"నువ్వు నన్ను చూసినవనుకున్న. ఎల్లుండి లోకమంత చూస్తదనుకున్న. కారఖానల లేను బిడ్డా, ఖాడీ కాడ్నే ఉన్న. వాడు 'మామా' అని చెయ్యి లేపిండు. నాకు ఈత రాదా? గోదారిల ఈది పెరిగినోన్ని. నీళ్ల జోరు చూసి కాళ్లు కదల్లే. వాడు మునిగేదాంక చూసుకుంట నిలవడ్డ. ఇంటికొచ్చి మీ అందరితోని కలిసి నేను గుడ ఏడ్సిన. బొమ్మ మా ఇంట్లనే ఉన్నది. కాలవెడదామని ఇప్పిన. వాని మొఖం కనవడ్డది. ఒక్కపారి వాన్ని ఇడిసిపెట్టిన, రెండోపారి నాతోని కాలే."