టెంఘర్ ల్యాబ్‌లో మాయమైన స్ఫటికాలు

స్ఫటికాలు లేవు.

ఫ్రిజ్‌లోని ట్రేలో ప్రతి గాజు మూతకూ ద్రావణం చుక్క వేలాడుతూనే ఉంది. చుక్కలో మాత్రం ఏమీ లేదు. పటికబెల్లం పలుకుల్లా మెరిసినవి సోమవారం ఉదయానికి మాయమయ్యాయి.

2004 జూన్. మహారాష్ట్రలోని భివండి శివారు టెంఘర్‌లో డాక్టర్ పంకజ్ నడిపే చిన్న ల్యాబ్ అది. పేగుల్లోని బాక్టీరియా నుంచి తీసిన ఒక ఎంజైమ్ మీద అక్కడ పరిశోధన. అది ఒక చక్కెరను మరో చక్కెరగా మారుస్తుంది. దాని నిర్మాణం తెలియాలంటే స్ఫటికాల మీదికి ఎక్స్-రే పంపాలి. వాటిని పెంచడానికి రీసెర్చర్ కళకు ఏడాది పట్టింది. దొంగతనం జరిగిందని పోలీసులకు చెప్పింది ఆమే.

"గీ తాళం రెండో చావీ ఎవరి దగ్గరుంటది?" ఎస్సై రాజమౌళి కళను అడిగాడు.

"ఆగయ్య దగ్గర. ఊడ్చేటాయన."

ఆగయ్యను స్టేషన్‌కు తెచ్చారు. రాజమౌళి తండ్రీ ఆగయ్యా తెలుగు నేతగాళ్ల పద్మనగర్‌లో ఒకే షెడ్డులో సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపినవాళ్లు. తనవాడని వదిలేశాడంటారేమోనని రాజమౌళే ముందుగా చెయ్యి చేసుకున్నాడు.

"నేను ఫ్రిజ్ ముట్టలే" అన్నాడు ఆగయ్య.

మధ్యాహ్నం రాజమౌళి అన్నం పళ్లెం పక్కకు తోశాడు. లేచి మళ్లీ ల్యాబ్‌కు వెళ్లాడు. ట్రేను భూతద్దంతో చూశాడు. కళను పిలిచాడు.

"గీ మూతలు ఎట్ల అంటుకుంటయి?"

"చుట్టూ గ్రీజు పూస్తం సర్. గాలి పోదు."

"మూత తియ్యకుంట స్ఫటికం తియ్యొచ్చా?"

"తియ్యరాదు."

"తీస్తే గ్రీజు చెదురుతది గదా?"

"చెదురుతది సర్."

"ఒక్క మూతకు సుత గ్రీజు చెదరలే. పొద్దున ఖాళీ చుక్కలే చూసిన, గ్రీజు చూడలే. ఎవ్వరూ ఏం తియ్యలే, కళా. చల్లదనంల పెరిగినయి వేడికి కరుగుతయా?"

"కరుగుతయి."

"మైక్రోస్కోప్ ఐపీస్‌కు కుంకుమ అంటింది. నువ్వు స్టిక్కర్ పెట్టుకుంటవు. నిన్న ఎవరొచ్చిండ్రు?"

ఆమె తల దించుకుని తల్లి సంగతి చెప్పింది.

"మా అవ్వ దుర్గవ్వ. పొద్దంత నూలు కండెలు చుడ్తది. నేనేం పని చేస్తున్ననో ఒక్కసారి చూపిద్దామనుకున్న. ఎంత మంచిగున్నయి బిడ్డా అనుకుంట చూస్తనే ఉన్నది. ట్రే ఫ్రిజ్‌ల పెట్టుడు మర్చిపోయి ఆమెతోని ఇంటికి పోయిన. పొద్దున వచ్చి చూస్తే అన్నీ కరిగినయి. మళ్ల ఫ్రిజ్‌ల పెట్టిన."

"దొంగతనమని ఎందుకన్నవు?"

"పంకజ్ సర్ సాయంత్రం పుణె నుంచి వస్తున్నడు. నన్ను తీసేస్తడని భయమైంది. ఆగయ్యను కొడ్తరనుకోలే."

రాజమౌళి తలుపు వైపు నడిచాడు.

"నడువు. గీ మాట ఆగయ్య ముందల చెప్పు."

స్టేషన్‌లో కళ అంతా చెప్పి ఏడ్చింది. ఆగయ్య నెమ్మదిగా విన్నాడు.

"మీ అవ్వకు చెప్పకు బిడ్డా. తను చూడబట్టే గిట్లయిందని బాధపడ్తది."

రాజమౌళి దగ్గరికొచ్చాడు. "కాకా, తప్పయింది. బండి మీద ఇంటికాడ దింపుత."

"వద్దు సార్" అని చెప్పులు తొడుక్కున్నాడు ఆగయ్య.

చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకు తిప్పిన మనిషి అతణ్ని సార్ అనడం అదే మొదటిసారి.