సోఫాలో లేని బేస్

శవం సోఫా వెనకాల బోర్లా పడి ఉంది. తల వెనక పగిలింది. పక్కనే పాత మైక్ స్టాండ్. దాని అడుగున ఉన్న ఇనుప దిమ్మకు రక్తం.

చనిపోయింది ఒక రికార్డింగ్ స్టూడియో ఓనర్. సొంత ఇంట్లో, పాటలు వినడానికి ప్రత్యేకంగా కట్టించుకున్న గదిలో. నర్సుగా పనిచేసే భార్య నైట్ డ్యూటీ దిగి పొద్దున ఇంటికొచ్చి చూసింది. అలవాటు కొద్దీ ముందు నాడి పట్టుకుంది. ఆ తర్వాతే కేక వేసింది.

ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి ఎస్సై కేసు తేల్చేసి కూర్చున్నాడు.

"ట్యూనరే సార్. నిన్న సాయంత్రం వచ్చాడు. గొడవపడ్డాడు. పైవాటా వాళ్లు విన్నారు."

ట్యూనరంటే సబ్‌వూఫర్‌ను గదికి తగ్గట్టు సరిచేసే మనిషి. గోడవారగా ఉన్న ఆ బరువైన నల్ల పెట్టెలోంచే బేస్, అంటే పాటలోని లోతైన మోత, వస్తుంది. దాని వెనక నాబ్స్ మీద వేలిముద్రల్లేవు. ఎవరో శుభ్రంగా తుడిచేశారు. తుడవాల్సిన అవసరం ముట్టుకున్నవాడికే కదా అని ఎస్సై లాజిక్. సాయంత్రానికల్లా రిమాండ్‌కు పంపేద్దామని ఉబలాటపడుతున్నాడు.

ఇన్‌స్పెక్టర్‌కు సంగీత జ్ఞానం సున్నా. ఆయన కూనిరాగం తీస్తే కూతురు తలుపేసుకుంటుంది. కానీ పది నిమిషాల్లో తేలిపోయిన కేసంటే ఆయనకు ఒళ్లు మంట.

ట్యూనర్‌ను జీపులోంచి దింపించాడు.

"గొడవెందుకు?"

"బేస్ బూమ్‌మంటోందని తిట్టారు సార్. మైక్ పెట్టి కొలిచాను. నిజమే. నాబ్స్ ఎంత తిప్పినా సోఫాలో కూర్చుని వినేవాళ్లకు సరిగ్గా కుదరలేదు. పెట్టె జరపాలి, ఒక్కణ్ణి మోయలేను, రేపు ఇంకో మనిషితో వస్తానన్నాను. దానికి కోపం."

"మరి నాబ్స్?"

"ముందెలా ఉన్నాయో అలాగే పెట్టేసి వెళ్లాను."

"ఇప్పుడు మళ్లీ కొలువు."

ఎస్సై మొహం ముడుచుకున్నాడు. శవాన్ని పోస్ట్‌మార్టంకు పంపి, క్లూస్ టీమ్ పని ముగిశాక, సోఫాలో మనిషి చెవి ఉండే ఎత్తులో మైక్ నిలబెట్టారు. పెట్టెలోంచి ఒక మూలుగు మొదలైంది. వినపడీ వినపడనంత కింది నుంచి మెల్లగా పైకి లేచింది. కిటికీ అద్దాలు వణికాయి. ఆ చోట మోత ఎంత వినపడుతోందో చూపిస్తూ లాప్‌టాప్ మీద గీత పడింది.

ట్యూనర్ నోరు తెరిచాడు. నిన్న ఒంటె మూపురంలా లేచిన చోట ఇవాళ గొయ్యి ఉంది. వంగి నాబ్స్ చూశాడు.

"నేను వెళ్లాక ఎవరో తిప్పారు సార్. తప్పు తిప్పారు. సోఫాలో బేసే లేదు."

పైవాటాలో ఉండే రిటైర్డ్ మాస్టారు ఈ మోత మీద చాలాసార్లు పోట్లాడాడని ఎస్సై గుర్తుచేశాడు. ఇన్‌స్పెక్టర్ తల అడ్డంగా ఊపాడు. మోత భరించలేనివాడు ప్లగ్గు పీకుతాడు. శవం పక్కన కూర్చుని నాబ్స్ సవరించడు.

"బేస్ గదంతా ఒకేలా ఉండదా?" అని అడిగాడు.

"ఉండదు సార్. గోడలకు తగిలి వెనక్కొస్తుంది. ఒకచోట పొంగుతుంది, ఒకచోట చచ్చిపోతుంది. ఏ చోటు కోసం సరిచేస్తే అక్కడే సాఫీగా వినపడుతుంది."

"అయితే ఇది ఏ చోటు కోసం చేశారో వెతుకు."

మైక్‌ను కిటికీ దగ్గర పెట్టారు. లాభం లేదు. తలుపు పక్కన పెట్టారు. ఊహూఁ. చివరికి ఎడమ గోడ దగ్గర, నేల మీద కూర్చున్న మనిషి చెవి ఎత్తుకు దించారు. గీత తీర్చిదిద్దినట్టు సాఫీగా వచ్చింది. తన ప్రాణం మీదికొచ్చిన సంగతి మరిచిపోయి ట్యూనర్ అబ్బ అన్నాడు. కొలత లేకుండా ఒట్టి చెవితో ఈ పని చేసినవాడు మామూలోడు కాదన్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఇంటావిడను పిలిచాడు. "అమ్మా, ఇక్కడ కింద ఎవరైనా కూర్చుంటారా?"

"మా మరిది. చిన్నప్పట్నుంచీ అంతే. అన్న పైన, తమ్ముడు కింద. ఎన్ని సోఫాలు కొన్నా నేల వదల్లేదు."

మాట బయటికొచ్చాక గానీ దాని అర్థం ఆమెకు తెలియలేదు. గోడ పట్టుకుని కూలబడింది.

మరిది హాల్లోనే ఉన్నాడు. అన్న స్టూడియోలోనే మిక్సింగ్ చేసేవాడు. ఈమధ్యే మానేశాడు. పొద్దుట్నుంచీ వదినకు మంచినీళ్లందిస్తూ, బంధువులకు ఫోన్లు చేస్తూ తిరుగుతున్నాడు. ఈ ఇంటి గడప తొక్కి నెలైందని స్టేట్‌మెంట్ కూడా ఇచ్చాడు.

అతన్ని గదిలోకి పిలిచారు.

"ట్యూనర్ సరిచేస్తే సోఫాకు సరిచేస్తాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నెలగా మీరు రాలేదు. మరి నిన్న మీ చోటుకు ఎవరు ట్యూన్ చేశారు?"

అతను ఆ నల్ల పెట్టె వైపు తిరిగాడు.

"అన్నయ్య నా చెవి పోయిందన్నాడు. నాకు బేస్ తెలియట్లేదని అందరి ముందూ అన్నాడు. నా కుర్చీ తన అల్లుడికిచ్చాడు. నిన్న బతిమాలుకుందామని వచ్చాను. ఏదీ, ఇక్కడ బేస్ ఎలా ఉందో చెప్పమన్నాడు. బూమ్‌మంటోందన్నాను. నవ్వాడు. బ్రహ్మాండంగా ఉంది, పాడైంది నీ చెవేనన్నాడు."

"ఆయన నన్ను తిట్టింది బూమ్‌మంటోందనే కదా," అన్నాడు ట్యూనర్ మెల్లగా.

అతను ఉలిక్కిపడి ట్యూనర్ వంక చూశాడు. బూమ్‌మంటోందని తెలిసే అన్న ఆ మాట అన్నాడని అతనికి ఇప్పుడే అర్థమైంది.

"కొట్టాక కూడా పాట ఆగలేదు సార్. ఆ మోత. ఆపబుద్ధి కాలేదు. అన్నయ్య అన్నది నిజమేనేమోనని భయమేసింది. నా చోట్లో కూర్చున్నాను. తిప్పాను. మళ్లీ కూర్చున్నాను. సరిపోయిందనిపించేదాకా."

ట్యూనర్‌ను వదిలేయమని ఇన్‌స్పెక్టర్ చెప్పాడు. మరిదికి బేడీలు వేశారు. గుమ్మం దగ్గర అతను ఆగాడు.

"గీత ఎలా వచ్చింది?"

ట్యూనర్ ఇన్‌స్పెక్టర్ మొహం చూశాడు. ఇన్‌స్పెక్టర్ ముందుకొచ్చాడు. తానే లాప్‌టాప్‌ను అటు తిప్పాడు.

అతను వంగి ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు. ఎక్కడా గుట్ట లేదు, గొయ్యి లేదు.

"నా చెవి బానే ఉంది వదినా," అన్నాడు.

ఆమె తల ఎత్తలేదు.